నిద్రపోతున్నది గార్డేనా?

తెల్లవారుజామున మూడింటికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. గేటు పక్కన క్యాబిన్, ప్లాస్టిక్ కుర్చీ, తల ఒక పక్కకు వాలిపోయిన గార్డు, ఒళ్ళో టార్చిలైటు. కింద వరసగా వ్యాఖ్యలు. "దీనికేనా మనం మెయింటెనెన్స్ కడుతున్నది?" "ముందు ఆ కుర్చీ తీసేయించండి." "ఏజెన్సీని మార్చేద్దాం." పొద్దున్నే లేచిన ఇంకొకాయన తీర్పు చెప్పేస్తారు: "ఇంతమంది మనుషులెందుకండీ, నాలుగు కెమెరాలు ఎక్కువ పెట్టిస్తే పోలా!" హైదరాబాద్ మియాపూర్‌లోనైనా, విశాఖ మధురవాడలోనైనా ఇదే ఫొటో, ఇవే మాటలు.

ఈ మాటల వెనక గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. గేటు దగ్గర నిలబడడం ఎవరైనా చేసే పని. దానికి నైపుణ్యం అక్కర్లేదు. ఏ పనీ దొరకనివాళ్ళే అందులోకి వస్తారు, వచ్చాక నిద్రపోతారు, వీలైతే దొంగలతో చేతులు కలుపుతారు. కాబట్టి ఎంత చవకగా దొరికితే అంత చవకగా పెట్టుకుని, మిగతాది యంత్రాలకు అప్పగించాలి. కాలనీ కమిటీలు, కార్పొరేట్ ఆఫీసుల అడ్మిన్ విభాగాలు, ప్రభుత్వ ఆసుపత్రుల టెండర్లు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. చదువుకున్నవాళ్ళు, లోకజ్ఞానం ఉన్నవాళ్ళు కూడా దీన్ని ప్రశ్నించరు. ఈ అభిప్రాయం మొదటి నుంచి చివరి దాకా తప్పని, గేటు దగ్గర లోపాలకు అసలు కారణం గార్డును కొనే మన పద్ధతేనని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. చాలామంది చెయ్యని లెక్క ఇది.

ఒక గేటు, అంటే ఏజెన్సీవాళ్ళ భాషలో ఒక పాయింటు. రాత్రీ పగలూ కాపలా కావాలంటే వారానికి 168 గంటలు. మనిషికి చట్టం చెప్పే పని వారానికి 48 గంటలు. 168ని 48తో భాగిస్తే మూడున్నర. ఒక్క గేటుకు ముగ్గురు మనుషులు, వాళ్ళ వారపు సెలవులకు రిలీవర్‌గా ఇంకో సగం మనిషి కావాలన్నమాట. పండగ సెలవులు, జ్వరాలు కలిపితే ఇంచుమించు నలుగురు. మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది ఉంటారు? ఇద్దరు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒకరు, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా మరొకరు. 168ని ఇద్దరికి పంచితే తలకు 84 గంటలు. వారంలో సెలవన్నది లేకుండా, రోజుకు 12 గంటల చొప్పున ఏడు రోజులు. ఇద్దరిలో ఒకరు ఊరెళ్తే రెండోవాడు 24 గంటలు నిలబడతాడు. దాన్ని "డబుల్ డ్యూటీ" అంటారు. రిలీవర్ రాకపోతే సూపర్‌వైజర్ ఫోన్ చేసి "కంటిన్యూ చేసెయ్" అంటాడు. అప్పుడు 36 గంటలు.

48 గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టం. 84లోంచి 48 తీసేస్తే 36 గంటలు ఓవర్‌టైం. రెట్టింపు రేటున దాని విలువ 72 గంటల జీతం. మొదటి 48 కలిపితే మనిషికి 120, ఇద్దరికి 240 గంటల జీతం. మూడున్నర మందిని పెట్టుకుంటే ఇవ్వాల్సింది 168 గంటల జీతమే. చట్టప్రకారం కడితే ఇద్దరితో నడిచే గేటు మూడున్నర మందితో నడిచే గేటు కన్నా నలభై శాతం పైగా ఖరీదవుతుంది! మరి అన్ని అపార్ట్‌మెంట్లూ ఇద్దరినే ఎందుకు పెట్టుకుంటున్నాయి? ఆ 36 గంటలకు రెట్టింపు ఎవరూ ఇవ్వడం లేదు కాబట్టి. 12 గంటల డ్యూటీ చవకగా కనిపించేది ఓవర్‌టైం ఎగ్గొట్టినప్పుడే. నిద్రపోతున్న గార్డు ఫొటో తీసినవాళ్ళు ఆ పక్కనే ఈ లెక్క కూడా పెడితే బాగుండేది.

మా కాలనీ గేటు దగ్గర రాత్రి డ్యూటీ కుర్రవాడొకడు ఉండేవాడు. బరంపురం పక్క పల్లె, తెలుగు బాగానే మాట్లాడతాడు. డ్యూటీ దిగి రూముకు చేరేసరికి పొద్దున్న తొమ్మిదిన్నర. ఏజెన్సీ ఇచ్చిన రేకుల గది, అందులో ఎనిమిది మంది, నాలుగు చాపలు. పగటి డ్యూటీవాళ్ళు లేచి వెళ్ళిన చాపల మీద రాత్రి డ్యూటీవాళ్ళు పడుకోవాలి. వంట వంతులవారీగా. ఏప్రిల్‌లో పదకొండు దాటితే ఆ రేకుల కింద పడుకోవడం ఎవరి తరమూ కాదు. రెండుమూడు గంటలు కన్నంటుకుంటే అదృష్టం. సాయంత్రం ఏడుకల్లా మళ్ళీ బస్టాపులో ఉండాలి. ఇలా నెలకు ముప్ఫై రాత్రులు. తెల్లవారుజామున మూడింటికి ఆ శరీరం నిద్రపోకపోతేనే ఆశ్చర్యపడాలి. అదే గంటలో లారీ డ్రైవరు కునికితే "నిద్రలేమి వల్ల ప్రమాదం" అని వార్త రాస్తాం. గార్డు కునికితే బద్ధకం అంటాం.

పరిష్కారంగా కుర్చీ తీసేయించడం మరో విడ్డూరం. పన్నెండు గంటలు నిలబడినవాడు అప్రమత్తంగా ఉంటాడని ఎవరు చెప్పారో తెలియదు. నిలబడి నిలబడి కాళ్ళు వాచినవాడి ధ్యాస కాళ్ళ మీద ఉంటుంది గాని గేటు మీద ఉండదు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు సవరించుకున్నాయి. మన కమిటీలు 2025 దాటాక కూడా కుర్చీ ఉండాలా వద్దా అని మీటింగులు పెడుతున్నాయి.

ఇక్కడ సాధారణంగా ఒక మాట అడ్డం వస్తుంది: "వాళ్ళే పన్నెండు గంటలు కావాలంటారండీ, ఎనిమిది గంటలంటే రారు." నిజమే, అంటారు. ఎనిమిది గంటలకు ఇచ్చే జీతంతో నగరంలో బతికి ఊరికి డబ్బు పంపడం కుదరదు గనక అంటారు. ఎనిమిది గంటల జీతం బతకడానికి సరిపడేంత ఇచ్చి, అప్పుడు అడిగి చూడండి. ఆకలితో ఉన్నవాడు ఒప్పుకున్నాడు కాబట్టి అది వాడి ఇష్టమే అనడం పాత జమీందార్ల వాదం.

ఇంకొక వాదం కొంచెం తెలివైనది. "అదేమన్నా ఎడతెగని పనా? గంటకు నాలుగు కార్లొస్తాయి, గేటు తీస్తాడు, మిగతా సమయం ఖాళీయే కదా!" ఈ ఆలోచనకు చట్టంలో కూడా కాస్త చోటుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం 13వ సెక్షన్ ఆగి ఆగి చేసే పనులను విడిగా చూడొచ్చని వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ వెసులుబాటును అలాగే ఉంచుకుంది. కాని కాపలా పనిలో ఖాళీ ఎక్కడిది? ఏమీ జరగని గంటల్లో కూడా చూస్తూ ఉండడానికే కదా మనిషిని పెట్టుకున్నది. ఫైర్ స్టేషన్‌లో మంటలు లేని రోజున సిబ్బంది ఖాళీగా ఉన్నారని జీతం కోస్తామా? ఎదురుచూడడమే ఆ పని. పైగా మన గార్డుకు ఎదురుచూసే తీరిక కూడా ఇవ్వం. మోటారు వెయ్యి, పార్సిల్ పైకి తీసుకురా, ఫలానా వారి కారుకు దారి ఇప్పించు, కుక్కను తరుము, పిల్లల సైకిల్ లోపల పెట్టు. ఇన్ని చేయించి, దొంగ వచ్చిన రాత్రి మాత్రం "ఏం కాపలా కాశావు?" అని నిలదీస్తాం.

నైపుణ్యం సంగతికి వద్దాం. "గార్డు అంటే అన్‌స్కిల్డ్ కదా!" అని ఒక కమిటీ మీటింగులో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి అనగా విన్నాను. ఆయన పనిచేసిన బ్యాంకుకే వర్తించే నోటిఫికేషన్ ఆయన చూసి ఉండరు. 2017 జనవరి 19న కేంద్ర కార్మిక శాఖ తన పరిధిలోని సంస్థలకు కనీస వేతనాలు నిర్ణయించింది. హైదరాబాద్ వంటి ఏ-కేటగిరీ నగరాల్లో నిర్మాణ రంగంలో నైపుణ్యం ఉన్న కార్మికుడికి రోజుకు 637 రూపాయలు. ఆయుధం లేని గార్డుకు కూడా 637. ఆయుధం ఉన్న గార్డుకు 693. అది అత్యంత నైపుణ్యం ఉన్న కార్మికుడి రేటు. అదే నోటిఫికేషన్‌లో నైపుణ్యం లేని కూలికి 523. తర్వాత కరువు భత్యంతో ఈ అంకెలు పెరుగుతూ వచ్చాయి. సూటిగా చెప్పాలంటే, గార్డు పని నైపుణ్యం ఉన్న పనేనని కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుని ఏళ్ళు గడిచాయి. ఒకే రోడ్డులో కేంద్ర ప్రభుత్వ కార్యాలయం గేటు దగ్గర నిలబడితే నిపుణుడు, పక్క అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడితే ఏమీ రానివాడు!

ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. 2006 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు వంద గంటలు తరగతి గదిలో, అరవై గంటలు ఆరుబయట శిక్షణ ఇవ్వాలి; తక్కువలో తక్కువ ఇరవై పనిదినాలు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు మాత్రం కుదించిన కోర్సు. పాఠ్యాంశాలు చదివితే ముచ్చటేస్తుంది. మంటలు ఆర్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు పత్రాలు పరిశీలించడం, ప్రథమ చికిత్స, ఆపద సమయంలో ఏం చేయాలో, పేలుడు పదార్థాలను ఎలా గుర్తుపట్టాలో, శిక్షాస్మృతి గురించి కనీస పరిజ్ఞానం, పోలీసు, సైనిక అధికారుల హోదా బ్యాడ్జీలు... ఇన్ని తెలిసిన మనిషిని ఎవరైనా నైపుణ్యం లేనివాడంటారా? అనరు. కాని ఆ మనిషి మన గేటుకు రాడు. యూనిఫాం చేతికి వచ్చిన రోజే శిక్షణ సర్టిఫికెట్ కూడా చేతికి వచ్చినవాడు వస్తాడు. ఆ శిక్షణ ఖర్చు కొటేషన్‌లో ఉంటే మనం ఆ కొటేషన్‌ను పక్కన పెడతాం గనక ఏజెన్సీ దాన్ని తీసేస్తుంది. పని కష్టమైనది; మనమే దాన్ని ఏమీ రానివాళ్ళతో చేయించుకుంటున్నాం. ఈ రెంటికీ తేడా తెలియకపోవడమే "అన్‌స్కిల్డ్" అనే మాట.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో 2011 డిసెంబర్ 9న కోల్‌కతాలోని ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో చూశాం. తెల్లవారుజామున బేస్‌మెంటులో మంటలు అంటుకున్నాయి. పొగ చూసి పక్క బస్తీ జనం సాయానికి పరుగెత్తుకొచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు వాళ్ళను వెనక్కి పంపేశారని ఆ బస్తీవాళ్ళు తర్వాత చెప్పారు. దాదాపు 90 మంది చనిపోయారు. ఎక్కువమంది మంచం మీద నుంచి లేవలేని రోగులు, పొగకు ఊపిరాడక పోయారు. ఆ గార్డులను రాక్షసులనుకోవడం తేలిక. వాళ్ళకు నేర్పింది ఒక్కటే: లోపలి సంగతి బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మంటలొచ్చినప్పుడు గేటు తెరవాలని ఎవరూ నేర్పలేదు.

కెమెరాల భక్తుల దగ్గరికి ఇప్పుడు వెళ్దాం. వాళ్ళకు ఒక్క తేదీ గుర్తు చేయాలి: 2013 నవంబర్ 19. బెంగళూరు కార్పొరేషన్ సర్కిల్ దగ్గర గార్డు లేని ఏటీఎం. ఉదయం ఏడు దాటాక ఒక బ్యాంకు ఉద్యోగిని లోపలికి వెళ్ళారు. వెనకే ఒకడు దూరి, షట్టర్ కిందికి లాగి, తుపాకీ చూపించి బెదిరించి, చివరికి వేటకొడవలితో తల మీద నరికి, డబ్బు తీసుకుని, షట్టర్ మళ్ళీ వేసి, తాపీగా నడిచి వెళ్ళిపోయాడు. కెమెరా అంతా చూసింది. ఒక్క క్షణం కూడా రెప్పవాల్చలేదు. దేశంలోని టీవీ చానెళ్ళన్నీ ఆ దృశ్యాలను రోజుల తరబడి వేశాయి. ఆమె గంటల తరబడి రక్తపు మడుగులో పడి ఉన్నారు; షట్టర్ కింద నుంచి రక్తం బయటికి కారాకే దారినపోయేవాళ్ళు గమనించారు. ప్రాణాలతో బయటపడడం ఆమె గట్టిదనం. నిందితుడు చిత్తూరు జిల్లావాడు. దొరికింది మూడేళ్ళకు పైగా గడిచాక, 2017 ఫిబ్రవరిలో, మదనపల్లెలో. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనవాళ్ళు వెక్కిరించేవారు. ఇక్కడ ఆరు నెలలు కూడా సరిపోలేదు.

కెమెరా వద్దని నేననడం లేదు. జరిగినదానికి అది గొప్ప సాక్షి. జరుగుతున్నదాన్ని ఆపాలంటే తెర ముందు ఒక మనిషి, ఆ మనిషికి అందుబాటులో పరుగెత్తగల మరో మనిషి ఉండాలి. మన అపార్ట్‌మెంట్లలో తెర ఎక్కడుంటుంది? ప్రెసిడెంటు గారి ఫ్లాట్‌లోనో, తాళం వేసిన క్లబ్‌హౌస్ గదిలోనో. మా కాలనీలో ఒకసారి రౌండ్స్‌కు వెళ్ళిన గార్డు, నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన తలుపుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ పది గంటలైనా అలాగే ఉండడం చూశాడు. ఆయన ఆరింటికే తీసుకుంటారని అతనికి తెలుసు. బెల్లు కొట్టాడు, తీయలేదు. సెక్రటరీని పిలిచాడు. తాళం తీసి చూస్తే పెద్దాయన బాత్రూంలో జారిపడి ఉన్నారు, కదల్లేక. ఆ కారిడార్‌లో కెమెరా కూడా ఉంది. పాల ప్యాకెట్‌ను అది నాలుగు గంటలు చక్కగా చిత్రీకరించింది.

బయటి దేశాల్లో యంత్రాలు అంతా చూసుకుంటాయనే భ్రమ ఒకటుంది. 2017 మే 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ఎరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. విచారణ సంఘం నివేదిక మొదటి సంపుటం 2021 జూన్‌లో వచ్చింది. బాంబు తెచ్చినవాడు కెమెరాలకు కనిపించని మూల వెతుక్కుని కూర్చున్నాడు. వాణ్ణి చూసి అనుమానపడినవాడు పిల్లల కోసం వచ్చిన ఒక తండ్రి. ఆయన వెళ్ళి ఒక గార్డుకు చెప్పాడు. ఆ గార్డుకు పంతొమ్మిదేళ్ళు. తలుపు దగ్గర పాయింటు వదిలి కదలకూడదు, చేతిలో రేడియో లేదు. కొన్ని నిమిషాలకు అటు వచ్చిన మరో గార్డుకు చెప్పాడు. అతనికి పద్దెనిమిది. అతని దగ్గర రేడియో ఉంది, కంట్రోల్ రూముకు లైను దొరకలేదు. ఇంకొన్ని నిమిషాలకు పేలుడు. గార్డులకు ఒక్కొక్కరికీ లైసెన్సు తప్పనిసరి చేసిన దేశంలోనే ఇలా జరిగింది. విచారణ సంఘం ప్రధానంగా తప్పుపట్టింది ఎరీనా నిర్వాహకులను, భద్రత చూసిన కంపెనీని, రైల్వే పోలీసులను. ఆ పాఠాలతో 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ కొత్త చట్టం చేసుకుంది. మనమైతే ఆ ఇద్దరు కుర్రవాళ్ళ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళం.

నిజానికి యంత్రాలు చేయదగిన పనులు గేటు దగ్గర చాలానే ఉన్నాయి. స్టిక్కరున్న కారుకు గేటు తీయడం, డెలివరీ కుర్రవాడి పేరు రిజిస్టరులో రాసుకోవడం, ఫ్లాటుకు ఫోన్ చేసి "పంపించమంటారా సార్" అని అడగడం. వీటిని యాప్‌కు, బూమ్ బారియర్‌కు వదిలేస్తే గార్డు కళ్ళు పైకెత్తి చుట్టూ చూసే వీలు దొరుకుతుంది. మనం చేస్తున్నది మాత్రం వేరు: యాప్ పెట్టి ముగ్గురిలో ఒకరిని తీసేస్తాం, మిగిలిన ఇద్దరి చేతికి ఫోన్ ఇచ్చి తల దించుకునేలా చేస్తాం.

"కంచే చేను మేసింది" అనే శీర్షిక పత్రికలవాళ్ళకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబం నగలతో పరారైన వార్తలు నిజమే, నేను కాదనను. కాని పనిలోకి తీసుకునే ముందు నడవడి విచారించాలని 2005 చట్టం చెబుతోంది. గార్డుల పేర్లు, చిరునామాలు, ఫొటోలు, జీతాలతో సహా ఏజెన్సీ రిజిస్టరు నిర్వహించాలని, ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వాలని కూడా చెబుతోంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీ గేటు ఏజెన్సీ లైసెన్సు కాపీని మీ కమిటీలో ఎవరైనా చూశారా? వచ్చినవాడి ఆధార్ జిరాక్స్ ఒకటి ఫైల్లో పెట్టి, మూడు నెలలకోసారి మనుషులు మారిపోతున్నా పట్టించుకోక, చివరికి జరగరానిది జరిగాక ఆ కులాన్నో, ఆ రాష్ట్రాన్నో, నేపాలునో తిట్టుకోవడం మనకు అలవాటైంది. మనుషులు అంత తొందరగా ఎందుకు మారిపోతున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఎక్కడ రెండు వందలు ఎక్కువొస్తే అక్కడికి పోతారు. ఇక్కడ ఉండిపోవడానికి ఏముంది గనక?

సెల్లారులో మోటారు గది పక్కన కాపురముండే వాచ్‌మన్ పరిస్థితి ఇంకా అన్యాయం. అతన్ని నేరుగా సొసైటీయే పెట్టుకుంటుంది. ఢిల్లీ సోమ్ విహార్ అపార్ట్‌మెంట్ల కేసులో, సభ్యుల సొంత సేవలకు మనుషులను పెట్టుకునే ఇలాంటి సొసైటీ అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద పరిశ్రమ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. రేపట్నుంచి రావద్దంటే ఆ చట్టం కింద తలుపు తట్టే దారి కూడా అతనికి లేకుండా పోయిందన్నమాట. జీతం ఒకరికి, పని ఇద్దరికి. భార్య మెట్లు తుడుస్తుంది, ఆయన కార్లు తుడుస్తాడు.

ఇంత చెప్పి ఏజెన్సీలను వదిలేస్తే న్యాయం కాదు. అయితే వాటి మోసం ఎక్కడ పుడుతుందో చూడాలి. పది కొటేషన్లలో అన్నిటికన్నా తక్కువదాన్ని ఎంచుకున్నాం అనుకోండి. జీతం, పీఎఫ్‌కు యజమాని వాటా, ఈఎస్ఐకి 3.25 శాతం, బోనస్, మొత్తం బిల్లు మీద 18 శాతం జీఎస్టీ... ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తం కన్నా తక్కువకు ఒకడు కొటేషన్ ఇచ్చాడంటే వాడు మంత్రగాడేమీ కాదు. ఎక్కడో కోస్తాడు. మొదటి నెల జీతం "హోల్డు"లో పెడతాడు. యూనిఫాం, బూట్ల డబ్బు జీతంలో పట్టుకుంటాడు. పీఎఫ్ పట్టుకుంటాడు, కట్టడు. పన్నెండు మందికి బిల్లు వేసి పదిమందిని పంపుతాడు. కోతలేవీ కొటేషన్ తెరిచిన గదిలో కనిపించవు, గార్డు ఇంట్లో కనిపిస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఇంతే. డాక్టర్ల మీద దాడి జరిగిన ప్రతిసారీ "సెక్యూరిటీ పెంచండి" అని ధర్నా జరుగుతుంది, మంత్రి హామీ ఇస్తారు, తర్వాత అదే అతితక్కువ ధర టెండరు పిలుస్తారు.

ప్రభుత్వం మాత్రం తక్కువ తిందా! తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో సెక్యూరిటీ సర్వీసులతో సహా అయిదు రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ జీవోలు ఇచ్చింది. వాటిని గెజిట్‌లో అచ్చువేయలేదు. గెజిట్‌లో రాని వేతనానికి చట్టబలం లేదు. కార్మిక సంఘం హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. సంతకం అయిన కాగితం అచ్చు కావడానికి కోర్టు కావాల్సి రావడం, ఈ పనికి మన పాలకులు ఇచ్చే విలువకు కొలత.

వేరే దారి లేదనకండి. మహారాష్ట్ర 1981లోనే ప్రైవేట్ సెక్యూరిటీ గార్డుల చట్టం చేసి బోర్డులు పెట్టింది. గార్డు పేరు బోర్డులో నమోదవుతుంది, కాపలా కావాల్సిన సంస్థ జీతం బోర్డుకు కడుతుంది, బోర్డు గార్డుకిస్తుంది. ఆ పద్ధతిలో లోపాలున్నాయి, ఏజెన్సీలు దానితో పోట్లాడుతూనే ఉన్నాయి. కాని మధ్యవాడు జీతం కోయకుండా ఆపొచ్చని అది నలభై ఏళ్ళుగా చూపిస్తోంది. మనదగ్గర అలాంటి చర్చ కూడా మొదలవలేదు.

చివరికి మిగిలేది "అంత ఇచ్చుకోలేం" అన్న మాట. ఇచ్చుకోలేరో లేదో చూద్దాం. 200 ఫ్లాట్లు, నాలుగు పాయింట్లు ఉన్న కాలనీ తీసుకుందాం. ఇప్పుడు పన్నెండు గంటల చొప్పున ఎనిమిది మంది. ఎనిమిది గంటల షిఫ్టుకు, వారపు సెలవుకు మారితే పద్నాలుగు మంది. అదనంగా ఆరుగురు. ఒక్కొక్కరికి అన్నీ కలిపి 25 వేలు అనుకుంటే నెలకు లక్షా యాభై వేలు, ఫ్లాటుకు 750 రూపాయలు. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. అద్దెకుండేవాళ్ళకు, పింఛను మీద బతికేవాళ్ళకు భారమే. అలాంటప్పుడు నాలుగు పాయింట్లూ అవసరమా అని అడగాలి. పగలంతా తాళం వేసి ఉండే వెనక గేటుకు మనిషెందుకు? క్లబ్‌హౌస్ ముందు సెల్యూట్ కొట్టడానికి ఒకరెందుకు? నాలుగు పాయింట్లలో ఎనిమిది మంది నిద్రమొహాల కన్నా రెండు పాయింట్లలో నిద్ర తీరిన ఏడుగురు మేలు. ఖర్చు కూడా తగ్గుతుంది. ఈ లెక్క ఏ కమిటీ అయినా ఒక సాయంత్రం కూర్చుని వేసుకోవచ్చు. వేసుకోరు. ఎందుకంటే గేటు దగ్గర యూనిఫాంలో ఎక్కువమంది కనిపిస్తే కాలనీ పెద్దదిగా కనిపిస్తుంది, ఫ్లాటు ధర పెరుగుతుంది. వాళ్ళు కొంటున్నది కాపలా కాదు, దర్జా.

కంపెనీలకు, ఆసుపత్రులకు ఇంకో మాట. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కూడా ఆ బాధ్యతను ఎత్తివేయలేదు. "అది ఏజెన్సీ చూసుకుంటుంది" అన్నది లేబర్ ఆఫీసులో చెల్లే జవాబు కాదు.

వచ్చే నెల మీ కమిటీ మీటింగులో సెక్యూరిటీ కాంట్రాక్టు రెన్యువల్‌కు వస్తుంది. ఆ రోజు మూడు కాగితాలు అడగండి: ఏజెన్సీ లైసెన్సు, ప్రతి గార్డు పేరు కనిపించే గత నెల పీఎఫ్ చలానా, గత నెల డ్యూటీ రోస్టరు. ముందు రోస్టరు తెరవండి. ఏ పేరు పక్కనైనా వారానికి ఒక సెలవు కనిపించకపోతే ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి.